స్త్రీపర్వం లేని యుద్ధాలు



2025 మే నెలలో వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చిన దౌహిత్రుడు నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. రెండింటికీ అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పాఠాలు చెప్పి, ఎందరి చేతనో ప్రశ్నలకు జవాబులు రాయించినవాణ్ణి. పదమూడేళ్ళ పిల్లవాడి ముందు నీళ్ళు నమలవలసి వచ్చింది. ఆ రెండు ప్రశ్నలకు ఇన్నాళ్ళుగా నాలో నేను వెదుక్కున్న సమాధానమే ఈ టపా.

వాడు హైదరాబాదులో ఎనిమిదవ తరగతి ముగించి వచ్చాడు. ఆ నెల మొదటి తేదీన విడుదలైన ‘హిట్: ది థర్డ్ కేస్’ చూడాలని పట్టుబట్టాడు. "మా ఫ్రెండ్సందరూ చూసేశారు తాతయ్యా" అన్నాడు. ఈ ‘అందరూ’ అనే మాట సంగతి ఉపాధ్యాయులకు బాగా తెలుసు. లెక్క తీస్తే ముగ్గురు తేలుతారు. ఆ చిత్రానికి ‘ఎ’ ధ్రువపత్రం ఇచ్చారు. పద్ధెనిమిదేళ్ళు నిండనివారు చూడరాదు. అదే కారణం చెప్పి వద్దన్నాను.

"నువ్వు చూశావా తాతయ్యా?"

చూడలేదన్నాను.

"మరి చూడకుండా ఎలా చెప్పావు? పుస్తకం చదవకుండా విమర్శ చెయ్యకూడదని నువ్వే కదా అన్నావు?"

ఇది మొదటి ప్రశ్న. నేను తేరుకొనేలోపలే రెండవది విసిరాడు. "పోయిన సంవత్సరం కీచకవధ చెప్పావు కదా. భీముడు వాణ్ణి మాంసం ముద్ద చేశాడని చేతులతో నలిపి మరీ చూపించావు. అది హింస కాదా?"

మొదటి ప్రశ్నకు న్యాయమైన సమాధానం ఒక్కటే. వెళ్ళి చూడటం. మరునాడు ఒంటరిగా మధ్యాహ్నం ఆటకు వెళ్ళాను. నా తల చూసి టిక్కెట్టు కిటికీ దగ్గర ఎవరూ వయసు అడగలేదు. అది సహజమే. అయితే లోపలికి వెళ్ళి కూర్చున్నాక తెలిసింది, అక్కడ పిల్లల వయసు కూడా ఎవరూ అడగలేదని. నా ముందు వరుసలో ఒక యువకుడు, ఆయన భార్య, వారి ఒడిలో ఐదారేళ్ళ పాప. నెత్తురు కనబడే ఘట్టం వచ్చినప్పుడల్లా ఆ తండ్రి అరచేత్తో పాప కళ్ళు మూసేవాడు. ఘట్టం ముగియగానే చెయ్యి తీసేవాడు. ప్రేమగల తండ్రి, సందేహం లేదు. కాని ఆయనకు ఉన్నవి రెండు చేతులే. పాపకు కళ్ళతో పాటు చెవులు కూడా ఉన్నాయి. ఇప్పటి సినిమాహాళ్ళలో ఎముక విరిగే చప్పుడు నాలుగు గోడల నుంచీ వినబడుతుంది. కళ్ళు మూసినప్పుడు ఆ చప్పుడుకు తగిన దృశ్యాన్ని పసిమనసు తనంతట తాను అల్లుకుంటుంది. అది తెరమీద ఉన్నదానికంటె చిన్నదిగా ఉంటుందని నేను అనుకోను.

చట్టం మాట ముందుగా చెప్పుకుందాం. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం మొదట రెండే తరగతులు పెట్టింది. అందరూ చూడదగినవి ‘యు’, పెద్దలకు మాత్రమే ‘ఎ’. 1983లో ఈ రెంటి నడుమ పెద్దల పర్యవేక్షణలో చూడదగిన ‘యు/ఎ’ వచ్చింది. నలభై ఏళ్ళ తరువాత 2023 సవరణ చట్టం ఆ నడిమి తరగతిని ఏడు, పదమూడు, పదహారేళ్ళ వయసులను బట్టి మూడుగా విభజించింది. మంచి పని. ఏడేళ్ళ పిల్లకూ పదహారేళ్ళ పిల్లకూ ఒకే కొలత పెట్టడం, ఒకటో తరగతికీ పదో తరగతికీ ఒకే వాచకం ఇవ్వడం వంటిది. అయితే ఈ మూడు తరగతులూ తల్లిదండ్రులకు సూచనలు మాత్రమే. ‘ఎ’ అలా కాదు. అది సలహా కాదు, నిషేధం. ‘ఎ’ చిత్రాన్ని మైనరుకు ప్రదర్శించడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. ఇంత స్పష్టమైన నిషేధం చట్టంలో ఉండగా, మా ఊరి హాలులో ఒక్క ప్రశ్న వేసే మనిషి లేకపోయాడు.

ఇక చిత్రం మాట. శైలేష్ కొలను దర్శకుడు, నాని కథానాయకుడు. అర్జున్ సర్కార్ అనే పోలీసు అధికారి, ఒక రహస్య హంతక సమూహంలోకి చొరబడటానికి తానూ హంతకుడి వేషం ధరిస్తాడు. పని తెలిసినవారు తీసిన చిత్రమే. నాకు నచ్చలేదు గాని, నచ్చకపోవడం వేరు, తప్పు పట్టడం వేరు. పెద్దలకని చెప్పి పెద్దలకు తీశారు, ‘ఎ’ ధ్రువపత్రంతోనే విడుదల చేశారు. ఇది పిల్లల చిత్రం కాదని విడుదలకు ముందు కథానాయకుడే బహిరంగంగా చెప్పాడు. సీసామీద ‘విషం’ అని రాసి అమ్మినవాణ్ణి నిందించి, దానిని పసివాడి చేతికి అందించినవాణ్ణి వదిలిపెట్టడం న్యాయం కాదు. కనుక ఆ చిత్రబృందంతో నాకు పేచీ లేదు. నా పేచీ మనతోనే, అంటే తండ్రులతో, తాతలతో, పంతుళ్ళతో.

పంతుళ్ళతో అన్నాను గనుక నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1989 అక్టోబరులో రామగోపాలవర్మ తొలి చిత్రం ‘శివ’ విడుదలైంది. సైకిలు గొలుసు తెంపి చేతికి చుట్టుకున్న నాగార్జునను ఆ తరం వారెవరూ మరచిపోలేదు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. కృష్ణా జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల. ‘ఈ సినిమాలు పిల్లలను పాడుచేస్తున్నాయి’ అని ఉపాధ్యాయుల గదిలో రోజూ ఉపన్యసించేవాణ్ణి. ఒకనాడు పదవ తరగతి కుర్రవాడి సంచిలో సైకిలు గొలుసు కనబడింది. ఇంకేమున్నది, నా సిద్ధాంతానికి సాక్ష్యం దొరికింది. వాణ్ణి నిలబెట్టి, తరగతి అంతా చూస్తుండగా బెత్తంతో కొట్టాను. చెయ్యి నొప్పి పుట్టేవరకు కొట్టాను.

ఆ కుర్రవాడి తండ్రి సైకిళ్ళు బాగుచేసే కొట్టు నడుపుతాడని నాకు తరువాత తెలిసింది. ఆ గొలుసు పోట్లాటకు తెచ్చాడో, తండ్రి కొట్టుకు తీసుకుపోతున్నాడో నేటికీ నాకు తెలియదు. అడగలేదు గనుక. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. సినిమా చూసి పాడైపోయాడని నలుగురితో నేనే అన్నాను. ఆ మాట అన్న నా నోటిని ఈనాటికీ క్షమించలేకపోతున్నాను. ఆ రోజు ఆ తరగతి గదిలో హింసను ప్రత్యక్షంగా ప్రదర్శించినవాణ్ణి నేను. నలభైమంది ప్రేక్షకులు. అందరూ మైనర్లే. ఏ ధ్రువపత్రమూ లేదు. (బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. నావంటివారి వల్లనే అటువంటి చట్టం అవసరమైంది.)

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, సినిమాలో హింస గురించి మాట్లాడేటప్పుడు మన తప్పులన్నీ తెరమీదికి నెట్టే సౌకర్యం ఒకటి ఉన్నది. ఆ సౌకర్యం నాకు వద్దు. అలాగని తెరకు ఏ బాధ్యతా లేదనీ అనను.

ఇప్పుడు రెండవ ప్రశ్న. కీచకవధ హింస కాదా?

హింసే. పైగా మామూలు హింస కాదు. విరాటపర్వంలో తిక్కన దానిని ఏమీ దాచలేదు. సౌప్తికపర్వం ఇంకా ఘోరం. నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుణ్ణి, ఉపపాండవులను అశ్వత్థామ చంపే ఘట్టానికి ఈనాటి ఏ చిత్రమూ సాటిరాదు. అయినా మన పెద్దలు భారతాన్ని పిల్లలకు చెప్పారు. ‘అది ధర్మయుద్ధం, ఇది వినోదం’ అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ధర్మం పేరుతో నెత్తురు చూపించే చిత్రాలకూ కొదవ లేదు. తేడా ఉన్నదంటే మరెక్కడో ఉండాలి.

మొదటి తేడా మాటకూ దృశ్యానికీ మధ్య ఉన్నది. కథ విన్న పిల్లవాడు తన వయసుకు తగినంత బొమ్మనే గీసుకుంటాడు. ఆరేళ్ళవాడి కీచకుడు ఆరేళ్ళవాడికి తగినంతగానే చస్తాడు. తెర అలా కాదు. అరవై ఏళ్ళవాడికీ ఆరేళ్ళవాడికీ ఒకే బొమ్మను, అంతే పెద్దదిగా, అంతే దగ్గరగా చూపిస్తుంది. ఈ విషయం మన లాక్షణికులకు తెలుసు. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగరాన్ని ముట్టడించడం వంటివి అంకంలో ప్రత్యక్షంగా చూపరాదనీ, ప్రవేశకాల ద్వారా సూచించాలనీ నాట్యశాస్త్రం చెప్పింది.

ఆ నియమాన్ని భాసుడు ఊరుభంగంలో మీరాడు. దుర్యోధనుడు రంగస్థలం మీదనే మరణిస్తాడు. కాని ఎలా మీరాడో చూడండి. గదాయుద్ధాన్ని మన కంటికి చూపడు. ముగ్గురు భటుల నోట వర్ణింపజేస్తాడు. తొడలు విరిగిన దెబ్బ మనకు మాటలలోనే అందుతుంది. ఆ తరువాత కంటికి చూపేది ఏమిటి? దుర్యోధనుడి చిన్న కొడుకు దుర్జయుడు వచ్చి, అలవాటు ప్రకారం తండ్రి ఒడిలో కూర్చోబోతాడు. తండ్రి వారిస్తాడు. ఆ తొడలు ఇక కొడుకును మోయలేవు. దెబ్బను మాటతో చెప్పి, దెబ్బ ఫలితాన్ని కంటితో చూపడం భాసుడి పద్ధతి. ఈనాటి హింసా చిత్రాలలో చాలావాటి పద్ధతి సరిగ్గా దీనికి తలక్రిందులు. దెబ్బను నాలుగు వైపులనుంచి, మెల్లమెల్లగా చూపుతారు. చచ్చినవాడికి ఒక కొడుకు ఉన్నాడా, వాడు ఇప్పుడు ఎవరి ఒడిలో కూర్చుంటాడు అన్న ఊసే ఉండదు.

రెండవ తేడా ఇదే. వ్యాసుడు పద్ధెనిమిది రోజుల యుద్ధం చెప్పి, సౌప్తికంలో నిద్రలోని హత్యలు చెప్పి, అక్కడ పుస్తకం మూయలేదు. వెంటనే స్త్రీపర్వం పెట్టాడు. గాంధారి కోడళ్ళతో కలిసి యుద్ధభూమికి వస్తుంది. చచ్చినవాళ్ళు సైనికులుగా కాక కొడుకులుగా, భర్తలుగా, అన్నదమ్ములుగా మళ్ళీ కనబడతారు. గెలిచినవాళ్ళు తలవంచుకొని నిలబడతారు. భారతంలో ఎంత వీరముందో దాని వెనుక అంత కరుణ ఉన్నది. వీరరౌద్రాలు కరుణలో కలిసి చల్లారకుండా ఎక్కడికక్కడ తెగిపోతే, చూసినవాడి దగ్గర మిగిలేది ఉద్రేకం ఒక్కటే. పెద్దవాడు దానిని ఇంటికి వచ్చేలోగా దులుపుకోగలడు. పిల్లవాడికి అది ఆటవస్తువు అవుతుంది.

ఇక్కడ నా మనుమడికి నేను బాకీ పడ్డాను. కీచకుడి శవం చుట్టూ చేరి వాడి తమ్ములు విలపించిన సంగతి భారతంలో ఉన్నది. నేను కథ చెప్పేటప్పుడు అది వదిలివేశాను. పిల్లవాడి కళ్ళు మెరుస్తుంటే ఉత్సాహం వచ్చి, చేతులతో నలపడం దగ్గరే ఆగిపోయాను. అంటే స్త్రీపర్వం కత్తిరించిన భారతాన్ని నేనే వాడికి ప్రదర్శించాను. వాడి ఆక్షేపణ సబబైనదే. ఆ సాయంత్రం వాణ్ణి పిలిచి మిగిలిన కథ చెప్పాను. కీచకుడి కోసం కూడా ఎవరో ఏడ్చారన్న సంగతి వాడికి వింతగా తోచింది.

కనుక పిల్లలకు ఒక నేరకథాచిత్రం తగునా తగదా అని తేల్చడానికి నెత్తురు ఎన్ని చెంబులు కారిందన్న లెక్క చాలదని నా అభిప్రాయం. ‘బండిట్ క్వీన్’ వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు కూడా, ఒక దృశ్యాన్ని విడదీసి కాక చిత్రాన్ని సమగ్రంగా చూడాలనే పద్ధతినే అనుసరించింది. ఆ ఘోర దృశ్యాలు ప్రేక్షకుడిలో జుగుప్సను పుట్టిస్తాయే తప్ప వాంఛను కాదని భావించింది. అయినా ఆ చిత్రానికి ‘ఎ’ ధ్రువపత్రమే నిలిచింది. ఈ రెండు మాటలనూ కలిపి పట్టుకోవాలి. ఒక చిత్రం ఉత్తమమైనది కావడం వేరు, పిల్లలకు తగినది కావడం వేరు.

నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. దెబ్బ తగిలినప్పుడు చిత్రం నన్ను ఎవరి పక్కన నిలబెట్టింది, కొట్టినవాడి పక్కనా, పడినవాడి పక్కనా? దెబ్బ తరువాత ఏమైనా మిగిలిందా, ఎవరైనా ఏడ్చారా? కొట్టడం చూస్తుంటే నాకు జాలి వేసిందా, ఈల వెయ్యాలనిపించిందా? చివరి ప్రశ్న, ఈ పిల్లవాడి పక్కన కూర్చుని మాట్లాడే పెద్దమనిషి ఒకరున్నారా? చివరి ప్రశ్నకు జవాబు ‘లేదు’ అయితే, మొదటి మూడింటికి ఎంత మంచి జవాబు వచ్చినా నేను ఒప్పుకోను.

ఈ ప్రశ్నలతో చూస్తే ‘హిట్’ మూడవ భాగం మా వాడికి తగదు. చట్టం చెప్పిందని మాత్రమే కాదు, చూసి వచ్చి చెబుతున్నాను. అందులో చాలాసేపు నేను కొట్టేవాడి పక్కనే నిలబడి ఉన్నాను. నా చుట్టూ ఈలలు వినబడ్డాయి.

అయితే ‘వద్దు’ అన్న ఒక్క మాటతో ఇంటి పెద్దరికం ముగియదు. నేరకథ చూడాలనే కోరిక తప్పు కాదు. పదమూడేళ్ళకు లోకంలో చెడ్డ ఉన్నదని తెలుస్తుంది, దాని ముఖం చూడాలనిపిస్తుంది. అందుకని ఒక రాత్రి ఇద్దరం కూర్చుని 2014 నాటి ‘దృశ్యం’ చూశాం. మలయాళంలో జీతూ జోసెఫ్ 2013లో తీసిన చిత్రానికి తెలుగు రూపం. శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేష్ నటించాడు. నెత్తురు పెద్దగా కనబడదు. కాని విషయం చిన్నది కాదు. ఒక కుర్రవాడు ఒక బాలిక స్నానం చేస్తుండగా ఫోనులో చిత్రించి బెదిరిస్తాడు. ఆ పెనుగులాటలో వాడు చనిపోతాడు. తండ్రి రాంబాబు ఆ నేరాన్ని కప్పిపెట్టి, భార్యాబిడ్డలకు అబద్ధం చెప్పడంలో తర్ఫీదు ఇస్తాడు. ప్రేక్షకుడు ఆ అబద్ధం నెగ్గాలని కోరుకుంటాడు. ధర్మసందేహం రీత్యా చూస్తే, చెంబుల కొద్దీ నెత్తురు పారే చిత్రం కంటె ఇదే కష్టమైన పాఠం.

ఆ ఫోను ఘట్టం రాగానే నాకు ఇబ్బంది కలిగింది. తాత, మనుమడు కలిసి చూసే దృశ్యమా అనిపించింది. లేచి వెళ్ళిపోదామనుకొని ఆగాను. చేతిలో ఫోను ఉన్న ప్రతి మగపిల్లవాడితో ఎవరో ఒకరు ఆ మాట మాట్లాడాలి. వాళ్ళ నాన్న మాట్లాడాడో లేదో నాకు తెలియదు. చిత్రం ఆపి, ఆ కుర్రవాడు చేసింది నేరమెందుకో నాకు తోచిన మాటలలో చెప్పాను. వాడు నా ముఖం చూడకుండా తల ఊపాడు. అది చాలు.

చివర చనిపోయిన కుర్రవాడి తల్లిదండ్రులు రాంబాబును కలిసే ఘట్టం ఉన్నది. ఆ తల్లి పోలీసు ఉన్నతాధికారి. అంతవరకు రాంబాబు నెగ్గాలని కోరుకున్న మా వాడు అక్కడ మాట పడిపోయి కూర్చున్నాడు. కాసేపటికి, "వాళ్ళమ్మకి వాడి బాడీ కూడా దొరకలేదు కదా తాతయ్యా" అన్నాడు. నేనేమీ అనలేదు. నాలుగు రోజులుగా వాడికి ఎలా చెప్పాలా అని నేను సతమతమవుతున్న స్త్రీపర్వాన్ని వాడే చదువుకున్నాడు.

ఇంటి తెర గురించి ఒక్క మాట. 2021 నాటి నియమాల ప్రకారం ఓటీటీ సంస్థలు కూడా చిత్రాలకు వయసు తరగతులు సూచించాలి. పదమూడేళ్ళు, ఆపైవారికని సూచించిన వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఆ తాళం వేద్దామని నేను బయలుదేరితే, మా ఇంట్లో ఆ నాలుగంకెల సంఖ్యను ఎలా పెట్టాలో తెలిసినవాడు మా మనుమడు ఒక్కడే. వాడి చేతనే పెట్టించాను! తాళమూ తాళంచెవీ వాడి దగ్గరే ఉన్నాయి. కనుక తాళాలను నమ్ముకోవడం కంటె పక్కన కూర్చోవడాన్ని నమ్ముకోవడమే మేలని తేలింది.

"పద్ధెనిమిది నిండాక ‘హిట్’ చూద్దువుగాని, అప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాను. "ఇంకా ఐదేళ్ళా!" అని నిట్టూర్చాడు. వాడికి ఐదేళ్ళు ఎక్కువ. నాకు తక్కువ.

మిత్రులారా, ఇదంతా రాశాక కూడా ఒక సంగతి నన్ను వదలడం లేదు. విశ్రాంతి సమయంలో దీపాలు వెలిగినప్పుడు ఆ పాప వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను నవ్వాను, తను నవ్వలేదు. ఆ తండ్రితో ‘బాబూ, పాపను ఇంటికి తీసుకువెళ్ళు నాయనా’ అని ఒక్క మాట అనవచ్చు. కోప్పడితే కోప్పడేవాడు. అడగకుండానే ఒక పిల్లవాణ్ణి కొట్టినవాణ్ణి, అడగవలసిన చోట నోరు విప్పలేకపోయాను. దీపాలు ఆరాయి. మళ్ళీ ఆ అరచెయ్యి పాప కళ్ళమీదికి వచ్చింది.